గులకల మూల

రేగడిపల్లె, సుల్తానాబాద్ పోస్టు
9 డిసెంబర్ 1985

చెల్లె బాలలక్ష్మికి అన్న లింగమూర్తి రాయునది.

క్షేమం సంగతి చివర రాస్తాను. ముందు పని మాట.

మన చెరువులో కుమ్మరి మూల మూసినారు. జగన్మోహన్‌రావు దొర అక్కడ ఇటుక బట్టి పెట్టినాడు. రామగుండం దిక్కు కట్టడాలు లేస్తున్నాయి, ఇటుకకు గిరాకీ ఉన్నది. మూల చుట్టూ ముండ్లకంచె వేసి అంజన్నను కావలి పెట్టినాడు. చిన్నప్పుడు మన వాకిట్లో ఆడుకున్న అంజన్నే. నేను గంప, పార పట్టుకొని పోతే అడ్డం వచ్చినాడు.

"లింగన్నా, నన్ను పరేషాన్ జెయ్యకు. దొర వద్దన్నడు."

"మా తాతల కాలంకెల్లి తీస్తున్నం గదరా."

"తాతలను తోల్కరా. ఇడిచిపెడ్త."

ఇక మిగిలింది గులకల మూల. దాని సంగతి నీకు తెలుసు. చూడటానికి అదీ నల్లమన్నే. కాని నిండా జొన్నగింజంత సున్నపు గులకలు, ఎంత ఏరినా పోవు. కాల్చినాక కుండ ఆములో నుంచి ఎర్రగా, గంటలాగా మోగుతూ వస్తది. తర్వాత చెమ్మ తగిలితే లోపలి సున్నం ఉబ్బి పెంకులు పెంకులుగా పేలుతది. "గా మన్ను నవ్వుకుంట వస్తది, వానలల్ల ఉమ్ముతది" అని బాపు అనేటోడు. వాడలో ఎవరూ దాన్ని ముట్టరు.

హైదరాబాద్‌లో నీ మట్టి పనులు కొన్న జనార్దన్‌రావు ఈ దొరకు తమ్ముడే. ఆయనతో ఒక మాట చెప్పించు. నేను పోతే చెప్పులు విడిచి వాకిట్లో నిలబడాలె. నీకైతే కుర్చీ వేస్తారు.

వాడలో గిర్రున తిరిగే సారెలన్నీ ఆగినాయి. మన్ను రాకపోతే కుండలు చేసే మేమందరం దొర బట్టీలో ఇటుకలు కోయాలె. ఆయనకు కావలసింది అదే.

క్షేమం సంగతి: మీ వదిన లస్మవ్వకు మోకాళ్ళ నొప్పి. మిగతావాళ్ళం బాగున్నాం అని రాస్తే అబద్ధం.

లింగమూర్తి


ఉట్నూర్
2 జనవరి 1986

అన్నా,

ఉత్తరం ఆలస్యంగా అందింది. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులని జైనూర్ గుట్టల్లో ఉన్నాను. అక్కడి మన్ను ఎరుపు, మనది నలుపు. రెండిటినీ ఒకే ఆములో కాలిస్తే రెండూ ఎర్రగానే వస్తాయి. పక్కపక్కన పెడితే మాత్రం ఏది ఎక్కడిదో తెలుస్తుంది. ఎండబెట్టిన మోదుగుపూల రంగు, తుమ్మజిగురు, బూడిద పోగేశాను. ఇల్లు అలికే ఆడవాళ్ళ చేతుల చప్పుడు టేపురికార్డర్‌లో పట్టాను.

హైదరాబాద్‌లో నా పని గురించి రాసేవాళ్ళు ఇంకా తేల్చుకోలేదు, నేను చిత్రకారిణినా, శిల్పినా, పాటలు పోగేసే మనిషినా అని. మొన్న ఒకాయన నేరుగా అడిగాడు, "అసలు మీరేం చేస్తారండీ?" అని. కుమ్మరిదాన్ని అన్నాను. హాస్యమనుకొని నవ్వాడు.

జనార్దన్‌రావు గారు ఊళ్ళో లేరు. వచ్చాక చూస్తాను. ఇప్పుడు ఒక పెద్ద పని ఒప్పుకున్నాను. రెండు జిల్లాల నేలను ఒక గోడ మీదికి తేవాలి. గోదావరి, మానేరు, జైనూర్ గుట్టలు, మధ్యలో ఒక చెరువు. అన్నీ కాల్చిన మట్టి పలకలే. అయ్యాక చూపిస్తాను.

వదినను ఆముదం వెచ్చజేసి మోకాళ్ళకు రాసుకోమను.

బాలలక్ష్మి


రేగడిపల్లె
21 జనవరి 1986

బాలలక్ష్మి మేడం గారికి,

కుమ్మరి లింగమూర్తి నమస్కారం చేసి రాయునది.

దొర ట్రాక్టరు తోలే కొండల్ కరీంనగర్ పోయి వచ్చి హోటల్‌లో చెప్పినాడు. దొర కొత్త బంగ్లాలో హాలు గోడకు మట్టి పలకలు పెడుతున్నారట. పెట్టేది మన బాలలక్ష్మి అట. నేను నమ్మలేదు.

"గదుమ మీద మచ్చ, భుజాన సంచి, చేతులకు గాజుల్లెవ్వు. నీ చెల్లె గాకుంటె ఎవల చెల్లె?" అన్నాడు.

హోటల్‌లో అందరూ నా మొఖం చూసినారు. చాయ్ సగంలో వదిలి వచ్చిన.

ఎవరి గోడో రాసేసరికి నీ పెన్నుల సిరా అయిపోయిందా? మధ్యలో చెరువు అని రాసినవు. ఏ చెరువు? మమ్ములను ఏ చెరువుల నుంచి వెళ్ళగొట్టిండో గా చెరువునే తీస్కపోయి ఆయన గోడకు అతికిస్తున్నవా? తామరపూలు గూడ పెడతవా?

మాకు తట్టెడు మన్ను లేదు. నీకు గోడ నిండా ఉన్నది. బాపు బతికి ఉంటే ఈ మాట విని నీళ్ళు ముట్టకపోతుండె.

బాలలక్ష్మి నీ చెల్లెనా అని ఎవరన్నా అడిగితే తెలవదంటున్న.

కు. లింగమూర్తి


ఉట్నూర్
3 ఫిబ్రవరి 1986

లింగమూర్తి గారికి,

బాపు బతికి ఉంటే అని రాశారు కనుక బాపు సంగతే రాస్తాను.

నాకు పన్నెండేళ్ళు. బాపు సుల్తానాబాద్ అంగడికి పోయాడు. నేను సారె మీద కూర్చున్నాను. తిప్పాను. చిన్న గురిగి ఒకటి లేచింది. వంకర లేదు. దాన్ని దారంతో కోస్తుంటే మీరు చూశారు. సాయంత్రం బాపుకు చెప్పారు. బాపు నన్ను కొట్టలేదు. గురిగిని కాలితో తొక్కి మన్నులో కలిపాడు. ఆడపిల్ల ముట్టిందని సారెను పసుపునీళ్ళతో కడిగాడు. మీరు చెంబుతో నీళ్ళు అందించారు.

మన్ను తొక్కడం, పిసకడం, గులకలు ఏరడం, తడి కుండ అడుగును చెక్కతో కొట్టడం, ఆముకు పిడకలు మోయడం, కుండల గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరగడం. ఇవన్నీ మనల్ని కన్న అవ్వ చేసింది, నేను చేశాను, వదిన చేస్తోంది. సారె మాత్రం మీది. మన్ను మీద హక్కు మీది. ఇప్పుడు కంచె పడేసరికి అది "మన" మూల అయింది.

నేను సారె లేకుండానే నేర్చుకున్నాను. నా పలకలన్నీ చేత్తో ఒత్తినవే. హైదరాబాద్‌లో దాన్ని నా శైలి అంటారు. అది శైలి కాదు. మీరు ముట్టనివ్వకపోవడం.

గోడ జగన్మోహన్‌రావుదే. మీ ఉత్తరం రాకముందే ఒప్పుకున్నాను. వచ్చాక వదులుకోలేదు, మీకు రాయలేదు. ఇంత గోడ నాకు ఇంకెవరూ ఇవ్వలేదు, ఇవ్వరు కూడా. సిగ్గుపడమంటే పడను. మూల సంగతి తమ్ముడితో చెప్పించను, దొరనే అడుగుతాను.

ఈ ఉత్తరం వదినకు చదివి వినిపించండి. మధ్యలో ఏమీ మింగకండి.

బాలలక్ష్మి


కరీంనగర్
10 మార్చి 1986

అన్నా,

అడిగాను. నువ్వన్నట్టే కుర్చీ వేశారు.

"నీ పనితనం మంచిగున్నది బాలలక్ష్మీ. మీవోళ్ళ పంచాయతి నా ముంగట వెట్టకు. ఇప్పుడు కుండలెవరు గొంటున్నరు? అందరిండ్లల్ల స్టీలు బిందెలే," అన్నాడు దొర.

"మే నెలలో అమ్మాయి పెండ్లి కదా. పందిట్లో పూజించే ఐరేని కుండలు కూడా స్టీలువే పెడతారా?" అన్నాను.

నవ్వాడు. "గవ్వి ఎట్లన్న వస్తయి. కుమ్మరోడు ఇయ్యక యాడికి వోతడు?" తర్వాత గోడ వైపు చూశాడు. "చెరువుల తామరపూలు వెట్టు. నిండుగ కనవడాలె."

నువ్వు తిట్టిన మాటే ఆయన నోటి నుంచి వచ్చింది. అప్పుడే నిర్ణయించుకున్నాను. చెరువు పలకలకు రేగడిపల్లె మన్ను కావాలన్నాను. వెంటనే ట్రాక్టరు ఇచ్చాడు. నిన్న కొండల్ తోలుకొచ్చాడు. మీ ఇంటి ముందు నుంచే పోయాం. దిగలేదు. అంజన్న కంచె తీసి నాకు నమస్తే పెట్టాడు, కుమ్మరి మూల వైపు దారి చూపాడు. అటు వద్దన్నాను. గులకల మూలలో తవ్వించాను. ఏరలేదు, జల్లించలేదు. చెరువంతా ఆ మన్నుతోనే చేస్తున్నాను.

నువ్వూ ఐరేని కుండలు అదే మన్నుతో చెయ్యి. పెండ్లినాటికి గంటల్లా మోగుతాయి. వానలు పడ్డాక వాళ్ళ దేవుని అర్రలో ఒక్కొక్కటే పేలతాయి.

బాలలక్ష్మి


రేగడిపల్లె
8 ఏప్రిల్ 1986

చెల్లెకు,

నువ్వు ట్రాక్టరు మీద వస్తున్నవని తెలిసి మీ వదిన చెంబుతో నీళ్ళు పట్టుకొని వాకిట్లో నిలబడ్డది. నువ్వు తల తిప్పలేదు. ఆ నీళ్ళు మొక్కకు పోసి లోపలికి వచ్చింది. నీ ఉత్తరం చదివి వినిపించిన నాటి నుంచి నాతో మాట్లాడటమే తగ్గించింది.

గోడ నీది, నీ ఇష్టం. ఐరేనిలో గులక పెట్టను. పెండ్లిపిల్ల ఏం చేసింది? ఐరేని పగిలితే ఆ పిల్ల అడుగు మంచిది కాదంటరు. దొరను ఎవరూ ఏమీ అనరు. ఆడపిల్లకు జరిగిన అన్యాయం నాకు నాలుగు పేజీలు రాసినవు. ఇప్పుడు నీ కోపానికి ఇంకొక ఆడపిల్లను ముందర పెడతవా?

నేను వేరే చేసిన. దొర మనుషులు కుండలకు వస్తే మన్ను లేదన్న. అంతే. చుట్టుపక్కల ఊర్ల కుమ్మరులకు కబురు పెట్టిన. వాళ్ళూ అదే అన్నారు. పెద్దపల్లి దాకా పోయి వట్టి చేతులతో తిరిగి వచ్చినారు. నిన్న దొర తల్లి, ముసలి దొరసాని రుక్మాబాయి, జీపులో మన వాకిట్లోకి వచ్చింది.

"లింగమూర్తీ, ఐరేని లేకుంట మా ఇంట్ల పెండ్లి ఎన్నడన్న అయిందారా?"

"కాలే దొరసాని."

"మరి?"

"మన్ను లేదు."

"అంత చెరువుల మన్ను లేదా?"

"చెరువుల ఉన్నది. కంచెల ఉన్నది."

ముసలామె లస్మవ్వ దిక్కు చూసింది. లస్మవ్వ బియ్యం చెరుగుతున్నది. తల ఎత్తకుండానే, "స్టీలుయి మంచిగ మెరుస్తయి గద దొరసాని. దొరనే అన్నడంట," అన్నది.

తర్వాత ముసలామె లేచింది. "మూల ఇడిపిస్త. ఇగ దానికి ఫికర్ జెయ్యకు. నా మాట," అన్నది.

ఇయ్యాల కంచె తీసినారు. వాడంతా గంపలు పట్టుకొని పోయింది. నీ గులకలు లేకుండానే పని అయింది. అది నీకు తెలవాలని రాస్తున్న.

లింగమూర్తి


ఉట్నూర్
25 మే 1986

అన్నా,

పెండ్లికి నన్నూ పిలిచారు, గోడ చూపించడానికి. పెద్దవాళ్ళు వరసగా వచ్చి గోడ ముందు ఫోటోలు దిగారు. చెరువు బాగుందన్నారు. నాకు దండ వేశారు. భోజనాల వేళ జనార్దన్‌రావు భార్య జానకీబాయి నా దగ్గరికి వచ్చింది. "నీకు పెరట్ల పెట్టిస్త బాలలక్ష్మీ. గాడైతె నిమ్మళంగ తింటవు," అంది. దండ తీసి కుర్చీలో పెట్టి బస్సెక్కాను. నాకు వేస్తారని నువ్వన్న కుర్చీ అదే.

పందిట్లో నీ కుండలు చూశాను. అడుగున వదిన చెక్క దెబ్బలు గుర్తుపట్టాను. మంచి కుండలు. పెండ్లిపిల్ల విషయంలో నీ మాటే సరి. దొర విషయంలో నా మాట మారదు.

తామరపూలేవని దొర అడిగాడు. వానాకాలం రానివ్వండి అన్నాను. దాన్ని కూడా హాస్యమనుకున్నాడు.

ముసలామె మాట ఎన్నాళ్ళు నిలిచిందో రాయి.

బాలలక్ష్మి


రేగడిపల్లె
19 ఆగస్టు 1986

చెల్లె,

పందిరి విప్పిన తెల్లారే కంచె వేసినారు. నేను రుక్మాబాయి దగ్గరికి పోయిన. "పెండ్లి దాక అన్న గదరా," అన్నది. ఆ రోజు ఆ ముక్క అనలేదు. లస్మవ్వ విన్నది, నేను విన్న. ఇది నీకు రాయడానికి నాకు ఇన్నాళ్ళు చెయ్యి రాలేదు.

పోయిన నెల దొర కరీంనగర్ పిలిపించి నన్ను గోడ ముందర నిలబెట్టినాడు. గుట్టలు మంచిగున్నాయి. గోదావరి, మానేరు మంచిగున్నాయి. చెరువు నిండా గుంటలు. ఒక్కొక్క గుంట నడుమ ఒక తెల్ల సున్నపు చుక్క. నేను చూస్తుండగానే ఒక పెంకు ఊడి గచ్చు మీద టక్కుమన్నది.

"ఇదేం రోగంరా? నువ్వు కుమ్మరోనివి, జెప్పు."

నీ పేరు నాలుక మీదికి వచ్చింది. మింగిన.

"చెరువుల ఒక దిక్కు మన్ను గట్లుంటది దొరా. మంచి మన్ను మా మూలల ఉన్నది. మూల ఇడువుండ్రి. చెరువంత నేనే కొత్తగ వెడత."

"మూల అని మల్ల నోరిప్పితె కాళ్ళిరగ్గొడ్త."

మేస్త్రీని పిలిచి చెరువు మీద సిమెంటు పూయించినాడు. తడి తగిలితే సున్నం ఇంకా ఉబ్బుతదని నాకు తెలుసు. చెప్పలేదు. ఇప్పుడు సిమెంటు గూడ బొబ్బలెక్కి పగిలిందని కొండల్ అంటున్నాడు.

ఆ మాటకు వాడంతా నవ్వింది. నేనూ నవ్విన. తర్వాత ఇంటికి వచ్చి చూస్తే సారె మీద బూజు. నా మర్యాదకు మన్ను రాలేదు. నీ పగకూ రాలేదు. దీపావళి అయినాక బట్టి మళ్ళా మొదలైతది. ఈసారి నేనూ ఇటుకలు కోయ పోవాలె. ఇంట్లో జొన్నలు లేవు. ఏదన్నా తోస్తే రాయి, లేకుంటే ఊకో.

లింగమూర్తి


ఉట్నూర్
14 సెప్టెంబర్ 1986

అన్నా,

బట్టీకి పోకు. ఈ ఉత్తరం వదినకు చదువు. పని ఆమెది, నీది కాదు.

ఐరేని కోసం పెండ్లివాళ్ళ ఆడవాళ్ళు డప్పులతో, హారతితో మన వాకిటికి వస్తారు. ఆ ఊరేగింపుకు ఇంతవరకు ఎవరైనా అడ్డం నిలబడ్డారా? దొర జీపు కూడా ఆగి దారి ఇస్తుంది. చెరువు తగ్గాక, మంచి ముహూర్తం ఉన్న రోజు చూసి, మన ఆడవాళ్ళు అదే డప్పుతో, పసుపు కుంకుమతో, నెత్తిన గంపలతో కుమ్మరి మూలకు పోవాలి. మీరు మగవాళ్ళు ఒక్కరూ కదలొద్దు. కదిలితే అడవిలోని అన్నలని పేరు పెట్టి పోలీసులు ఎత్తుకుపోతారు.

నేల మీద పని చేస్తున్నానని ఇన్నేళ్ళు చెప్పుకున్నాను. నేలను పలకల్లో పెట్టాను, టేపుల్లో పట్టాను. గోడ మీద పెట్టగానే చెరువు దొరదైంది. ఊరేగింపును ఎవరూ గోడకు అతికించలేరు.

నేను రాను. వస్తే దొర దాన్ని గోడ తగాదా చేస్తాడు. ముందు వదిన నడవాలి. ఆమె ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయి, బలవంతం చేయకు.

బాలలక్ష్మి


రేగడిపల్లె
16 ఫిబ్రవరి 1987

చెల్లె,

అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్న.

దీపావళి నుంచి మొన్నటి దాకా బట్టీలో ఇటుకలు కోసిన. పోవద్దన్నవు, కాని పొయ్యి ఆగదు కదా. మీ వదిన నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నది. అవునని అనలేదు, కాదని అనలేదు. చెరువు తగ్గేదాకా చూసింది. నిన్న ముహూర్తం. పొద్దున్నే తల స్నానం చేసి పెండ్లి చీర కట్టింది. వాడ ఆడవాళ్ళందరూ మన వాకిట్లో చేరినారు. డప్పు మోగింది. మేము మగవాళ్ళం అరుగుల మీద కూర్చున్నాం. కాళ్ళు ఆగలేదు, అయినా కూర్చున్నాం. అక్కడ జరిగింది మీ వదిన చెప్పగా రాస్తున్న.

అంజన్న దూరం నుంచి డప్పు విని కంచె దగ్గర నిలబడ్డాడు.

"ఎవలి పెండ్లి లస్మవ్వక్కా?"

"మన్ను పెండ్లిరా. జరుగు."

జరిగినాడు. హారతి ముందర కట్టె ఎత్తే ధైర్యం వానికి లేదు. కంచె గుంజలు పీకి పక్కన పెట్టినారు. మూలకు పసుపు కుంకుమ పెట్టి తవ్వినారు. తిరిగి వస్తుంటే దొర జీపు ఎదురైంది. డ్రైవరు అలవాటు కొద్దీ పక్కకు ఆపినాడు. గంపలన్నీ దాటిపోయినాక గాని దొరకు అవి మన్ను గంపలని అర్థం కాలేదట.

సాయంత్రం ఎస్సై వచ్చినాడు.

"దీనెనుక అన్నలున్నరా?"

"అన్నలు లేరు సారూ. అందరం వదినలమే," అన్నది లస్మవ్వ.

కానిస్టేబుళ్ళు మొఖాలు తిప్పుకున్నారు. అయినా కేసు రాసినారు, మన్ను దొంగతనం అని. ముందు పేరు మీ వదినది. వచ్చే నెల పెద్దపల్లి కోర్టుకు పోవాలె. కేసు ఎటు పోతదో తెలవదు. ఇయ్యాల పొద్దున ఇద్దరు ముసలివాళ్ళు గంపలు పట్టుకొని మూలకు పోయి వచ్చినారు. అంజన్న అటు తిరిగి బీడీ తాగిండట. నేను బట్టీకి పోలే.

తెచ్చిన మన్ను ఆడవాళ్ళు వాకిట్లో గుమ్మరించి పక్కన కూర్చున్నారు. లస్మవ్వ నా దిక్కు చూసి, "తొక్కుండ్రి," అన్నది. తొక్కినం. పిసికినం. పుల్లలు, రాళ్ళు నేను ఏరిన. ఈ పని చేస్తే నడుము ఇట్ల పోతదని నాకు ఇన్నేండ్లు తెలవదు. ఆమె అరుగు మీద కాళ్ళు చాపుకొని, "గాడొకటున్నది, కండ్లు కనవడ్తలేవా?" అని చూపిస్తున్నది.

మన్ను తయారైనాక సారెను వాకిట్లోకి తెచ్చిన. లస్మవ్వను కూర్చోమన్న. "ముందుగాల నీ చెల్లె. ఆమెది ఆడ ఒకటి బాకీ ఉన్నది," అన్నది.

నీ మీద నాకు కోపం పోలేదు. దొర గోడ ఎక్కినందుకు పోలేదు, తల తిప్పనందుకు పోలేదు. నీకూ నా మీద పోయి ఉండదు. పోవాలని రాయను. కోర్టుకు ముందు రోజు రా. ట్రాక్టరు మీద కాదు, బస్సు దిగి నడిచి రా. నువ్వు సారె మీద కూర్చున్నవని ఈసారి గూడ నేనే చెప్త, వాడంతా వినేటట్టు.

పసుపునీళ్ళు పెట్టలేదు. మన్ను మీద తడిగుడ్డ కప్పిన. పొద్దూ మాపూ తడుపుతున్న.

లింగన్న